మంచి ఆవునే ఎందుకు అమ్మేశాడు? ఈనే తేదీ మీద ఇంత పట్టింపా?

నెబ్రాస్కా_నాని · అక్టోబరు 11, రాత్రి 9:40

అన్నలకు, డాక్టర్ గార్లకు నమస్కారం. తిరుపతిలో బి.వి.ఎస్సీ. (పశువైద్యం) చేసి ఎం.ఎస్.కి అమెరికా వచ్చాను. ఫిబ్రవరి నుంచి నెబ్రాస్కా రాష్ట్రంలోని శాండ్‌హిల్స్‌లో ఒక రాంచ్‌లో, అంటే పశువుల క్షేత్రంలో పని. ఇసుక దిబ్బలు, వాటి మీద గడ్డి, అంతే. 400 పైచిలుకు ఆంగస్ అనే మాంసపు జాతి ఆవులు. పాలు ఎవరూ పిండరు, దూడ తాగి పెరగడమే. అక్టోబరులో దూడల్ని మాంసం కోసం పెంచేవాళ్లకి అమ్ముతారు. ఏడాది మొత్తానికి అదే అసలు రాబడి.

నిన్న దూడల్ని తల్లుల నుంచి వేరు చేశాం. ఆవులకు చూడి పరీక్ష కూడా నిన్ననే. సగం ఆవులకు నేనే చెయ్యి పెట్టి చూశాను. వాటిలో 417 అని చెవిపోగు ఉన్న ఆవు ఒకటి. మే 1న ఈనింది. అర్ధరాత్రి, సన్నగా వాన, దూడ వెనక్కాళ్లు ముందొచ్చాయి. యజమానీ నేనూ కలిసి లాగాం. దూడను నాకుతూ నాకుతూ పక్కనున్న నా మోచెయ్యి కూడా నాకేసింది. ఆరేళ్ల ఆవు, సాధువు, పాలు దండి. నిన్న చూస్తే చూలు కట్టలేదు. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, గేటు ఎడమవైపుకు తిప్పేశాడు. ఎడమవైపంటే సంతకి.

ఒక్క ఏడాది ఓపిక పట్టకూడదా అని అడిగితే, "అది మార్చిలో ఈని ఉంటే ఇక్కడే ఉండేది" అన్నాడు. నాకు అన్నం సహించలేదు. పుస్తకంలో చదివిందే కానీ, కళ్లెదుట చూస్తే ఇదేం న్యాయం అనిపించింది.

పాతకాపు_డాక్టరు · అక్టోబరు 11, రాత్రి 10:25

నానీ, బాధ సహజమే. కానీ మీ యజమాని కసాయివాడు కాదు, క్యాలెండర్ మనిషి. నాకు రెండు తేదీలు కావాలి. ఆంబోతుల్ని మందలోకి ఎప్పుడు వదిలారు, ఎప్పుడు తీశారు?

నెబ్రాస్కా_నాని · అక్టోబరు 11, రాత్రి 10:31

మే 22న వదిలారు, జులై 24న తీసేశారు డాక్టర్ గారూ. సరిగ్గా 63 రోజులు.

పాతకాపు_డాక్టరు · అక్టోబరు 11, రాత్రి 11:10

63 అంటే మూడు 21లు. ఆవు 21 రోజులకోసారి ఎదకొస్తుంది కాబట్టి ప్రతి ఆవుకూ మూడు అవకాశాలు ఇచ్చానని ఆయన లెక్క. 417కు మాత్రం మూడు దక్కలేదు, చూడు.

ఆంగస్ ఆవు చూలు మోసేది 283 రోజులు. 365లో అవి తీసేస్తే మిగిలేది 82. ఏటా అదే తేదీకి ఈనాలంటే ఈనిన 82 రోజుల్లో మళ్లీ కట్టాలి. ఈనగానే ఎదకు రాదుగా. గర్భసంచి మామూలు కావాలి, పైగా దూడ చీకుతూ ఉంటే ఎద ఇంకా వెనక్కి పోతుంది. ముదురు ఆవుకు 50, 60 రోజులు పడుతుంది. తొలిచూలుదైతే 80, 100 కూడా.

మార్చి 3న ఈనిన ఆవును తీసుకో. మే 22న ఆంబోతు గేటు దాటే సరికి అది ఈని 80 రోజులు. ఎదలు మొదలై ఉంటాయి. మొదటి 21 రోజుల్లోనే కట్టే అవకాశం బాగా ఉంది. తప్పితే రెండోది, అదీ తప్పితే మూడోది. మరి 417? ఆంబోతు వచ్చేనాటికి అది ఈని 21 రోజులు. మాయ వేసిన నొప్పి కూడా తీరి ఉండదు. జూన్ చివర్లో ఎదకొచ్చిందనుకో, జులై 24 లోపు మిగిలింది నాలుగు వారాలు. ఒక్క అవకాశం, అదృష్టముంటే రెండు.

దాని కష్టం నిన్న మొదలవలేదు. అంతకుముందు ఏడాదే చివరి వారంలో కట్టింది. ఏప్రిల్‌లో ఈనిన ఆవు మే నెలకి జారుతుంది, మేలో ఈనింది వట్టిగా తేలుతుంది. వెనకబడ్డ ఆవు తనంతట తాను ముందుకు రావడం నా సర్వీసులో చాలా అరుదు. చూలు రోజులు తగ్గవు కదా!

గుడివాడ_గేదెలు · అక్టోబరు 12, ఉదయం 5:50

డాక్టర్ గారూ, పాలు పిండి వచ్చి చదివానండి. బాగా అర్థమైంది. కానీ వట్టి ఆవును అమ్మితే అమ్మాడు, చూడితో ఉన్న ఆలస్యపు ఆవుతో నష్టం ఏంటండీ? ఎప్పుడో ఒకప్పుడు దూడ వస్తుందిగా?

నెబ్రాస్కా_నాని · అక్టోబరు 12, ఉదయం 7:15

అన్నా, దానికి జవాబు నిన్న కాటా మీదే కనపడింది. అన్ని దూడల్నీ ఒకే రోజు తూస్తారు, ఒకేసారి లారీలెక్కిస్తారు. లేటుగా పుట్టావు కదా, ఇంకో రెండు నెలలుండు అని ఎవరూ అనరు. మార్చి మొదటివారం కోడెదూడలు 235 కిలోల అటూ ఇటూ తూగాయి. 417 దూడ 181. తల్లి పాలలో తక్కువేం లేదు, దూడకు రోజులే తక్కువ. తల్లి దగ్గర ఉన్నంతకాలం రోజుకి 900 గ్రాముల దాకా పెరుగుతాయి. ఒక్క ఎద తప్పితే 21 రోజులు, అంటే 19 కిలోలు పోయినట్టే.

లెక్కల_మాస్టారు · అక్టోబరు 12, ఉదయం 8:02

పశువులు లేకపోయినా ఈ వేదిక చదువుతుంటాను, మధ్యలో దూరుతున్నందుకు మన్నించండి. అక్కడి వేలం రేట్లు చూస్తే తేలిక దూడకి కిలో రేటు ఎక్కువ, బరువు దూడకి తక్కువ. కాబట్టి 54 కిలోల తేడాను నేరుగా రేటుతో గుణించి నష్టం చూపకూడదు. అంత రాదు.

నెబ్రాస్కా_నాని · అక్టోబరు 12, ఉదయం 8:20

నిజమే మాస్టారూ, ఆ మాట నేను దాటేశాను. కిలో రేటు తేలిక దూడకే ఎక్కువ. అయినా దూడకింత అని చూస్తే బరువుదే పైచెయ్యి. ఇంకోటి, కొనేవాడికి ఒకే సైజు లారీ నిండా కావాలి. సైజులు కలిస్తే మొత్తం గుంపు ధరే దిగుతుంది.

పాతకాపు_డాక్టరు · అక్టోబరు 12, మధ్యాహ్నం 1:30

మాస్టారు పట్టుకున్నది మంచి పాయింటు. అయితే అసలు నష్టం కాటా మీద కనపడేది కాదు. నానీ, మీ శాండ్‌హిల్స్‌లోనే విట్‌మన్ ఊరి దగ్గర యూనివర్సిటీ వాళ్ల గడ్‌మండ్‌సెన్ కేంద్రం ఉంది. అక్కడ 1997 నుంచి 2010 దాకా పుట్టిన దూడల లెక్కలు తీశారు. ఈనే కాలంలో మొదటి 21 రోజుల్లో పుట్టిన పెయ్యలు, రెండో 21, మూడో 21 అని విడదీశారు. పెద్దయ్యాక వాటిలో చూలు కట్టినవి వరసగా 90, 86, 78 శాతం. అంటే ఆలస్యంగా పుట్టిన పెయ్య తల్లిలాగే ఆలస్యం చేస్తుంది. ఎదిగే వయసు రాకముందే ఆంబోతు వస్తుంది, అది రెడీ అయ్యేసరికి ఆంబోతు వెళ్లిపోతుంది.

క్లే సెంటర్‌లో అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ల మాంసపు పశువుల పరిశోధన కేంద్రం ఉంది. అక్కడి మందలో తేలిందీ ఇదే దారి. తొలిచూలు మొదటి 21 రోజుల్లో ఈనిన పెయ్యలు మందలో ఎక్కువ ఏళ్లు నిలిచాయి. అందుకే తెలివైనవాళ్లు పెయ్యల్ని ముదురు ఆవుల కంటే మూడు వారాలు ముందే కట్టిస్తారు. తొలి ఈత తర్వాత ఎదకు రావడానికి వాటికి ఎక్కువ రోజులు పడుతుంది కాబట్టి ఆ గడువు ముందే చేతిలో పెట్టడం అన్నమాట.

గోసేవకుడు · అక్టోబరు 12, మధ్యాహ్నం 2:05

ఆవును కిలోల్లో లెక్కగట్టే ఈ చర్చ తెలుగు వేదికలో అవసరమా? సిగ్గుచేటు.

నిర్వాహకులు · అక్టోబరు 12, మధ్యాహ్నం 2:40

మీ మనసు అర్థమైంది. ఈ తడిక అవతల ఎవరేం తింటారన్నది ఇక్కడి విషయం కాదు. ఈత, ఎద, చూలు, మేత వరకే మాట్లాడుకుందాం. ఆ వాదనకు వేరే చోటు ఉంది.

కొండపి_ఒంగోలు · అక్టోబరు 12, సాయంత్రం 6:18

మా జాతి ఊసు లేకుండా ఈ చర్చేంది? బ్రెజిల్‌లో మన ఒంగోలు ఆవుని నెలోర్ అంటున్నారు. ఓడెక్కిననాటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలోది కాబట్టి ఆ పేరు. వియాటినా-19 అనే ఆవు విలువ 2023లో 40 లక్షల డాలర్లు దాటి గిన్నిస్‌కెక్కింది. మరి మన దగ్గర ఒంగోలు ఆవు ఏడాదిన్నరకి గాని ఈనదు. జాతి అదే కదా, వాళ్లు ఏం మంత్రం వేశారు?

కాంపో_గ్రాండె_కిరణ్ · అక్టోబరు 12, రాత్రి 11:55

కొండపి అన్నా, నేను బ్రెజిల్‌లోనే, కాంపో గ్రాండె ఊళ్లో ఉన్నాను, మూడేళ్లుగా పశువుల మందుల కంపెనీలో ఉద్యోగం. వియాటినా ధర జాతి కోసం, అండాల కోసం. మామూలు రాంచ్‌లో దాని ఊసే ఎత్తరు. "ఈ ఏడు నూరు ఆవులకి ఎన్ని దూడలు దింపారు" అన్నదే అడుగుతారు.

మంత్రమేమీ లేదు, లెక్కే. పైగా మన జాతికి లెక్క ఇంకా బిగుతు. ఆంగస్ 283 రోజులు మోస్తే నెలోర్ 290 దాటి మోస్తుంది. అంటే మిగిలేది 82 కాదు, 75 లోపే. దానికితోడు మన ఆవుకి దూడ మీద మమకారం జాస్తి. దూడ పొదుగు దగ్గరుంటే ఎద ఊసే ఎత్తదు.

ఇక్కడ వానలు అక్టోబరు నుంచి మార్చి దాకా. ఆవుల్ని నవంబరు నుంచి జనవరి చివరి వరకే కట్టిస్తారు, ఆగస్టు చివర మొదలై నవంబరులో ఈతలు అయిపోతాయి. ఆగస్టు, సెప్టెంబరుల్లో పుట్టిన దూడను ఇక్కడ "బెజెరో దో సేదో" అంటారు. మన మాటలో తొలికారు దూడ అనుకోండి. దానికి రేటు, గౌరవం రెండూ ఎక్కువ. పుట్టేది పొడి కాలంలో, బురద ఉండదు, బొడ్డుకి పురుగు పట్టడం తక్కువ. దూడకి రెండు నెలలొచ్చి పాలు ఎక్కువ అడిగే వేళకి వాన పడి గడ్డి మోకాలెత్తు లేస్తుంది, తల్లి పొదుగూ నిండుతుంది. డిసెంబరు దూడ అలా కాదు. పుట్టిందే బురదలో, నాలుగు నెలలకే గడ్డి ఎండు ముఖం పడుతుంది.

ఎద కనిపెట్టే బాధ లేకుండా సీజన్ మొదటి రోజునే మందకంతా ఒకేసారి సూది (కృత్రిమ గర్భధారణ) వేసే పద్ధతి ఉంది. యోనిలో హార్మోను పరికరం పెట్టి, ఎనిమిదో తొమ్మిదో రోజు తీసేసి, రెండు రోజులకి వీర్యం వేస్తారు. ఆ ఒక్క పూటకే సగం దాకా కడతాయి. మిగతావి ఆంబోతు చూసుకుంటుంది. సగం ఆవులు మొదటి రోజే కట్టినప్పుడు తొలికారు దూడలు ఎన్నో మీరే ఊహించుకోండి.

కొండపి_ఒంగోలు · అక్టోబరు 13, ఉదయం 6:40

తమ్ముడూ, బాగా చెప్పావ్. 1960ల్లో మా కరవది ఊరి పేరుతోనే ఒక ఆంబోతు అక్కడికి పోయి వంశం నిలబెట్టిందని మా నాయన చెప్పేవాడు. ఊరికి పేరు మిగిలింది, లెక్క అక్కడికి పోయింది.

కరీంనగర్_బర్రెలు · అక్టోబరు 13, ఉదయం 9:12

నాని తమ్మి, ఒక సంగతి చెప్పు. మార్చిల మీ దిక్కు మంచు పడుతదంటరు. గప్పుడు ఈనిపిస్తే దూడలు సావయా? గడ్డి మొలిచినంక మేల ఈనిపిస్తె కాదా?

నెబ్రాస్కా_నాని · అక్టోబరు 13, రాత్రి 8:30

అన్నా, సరైన చోట కొట్టారు. చస్తాయి. 2019 మార్చి నడిమిట్లో ఇక్కడ మంచు తుఫాను, వరద ఒక్కసారే వచ్చి రాష్ట్రమంతా దూడలు పోయాయి, ఆ సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈ మార్చిలో కూడా మా దగ్గర కొన్ని దూడలకు చెవుల కొనలు చలికి మాడి ఊడిపోయాయి. మొండి చెవులు చూడగానే ఇది మార్చిది అని తెలిసిపోతుంది. అన్నీ ఒకేసారి ఈనేలా చేసుకుంటే వాతావరణం ఒక్క దెబ్బకే అన్నిటినీ పట్టుకుంటుంది.

మే ఈతల వాళ్లూ ఉన్నారు. గడ్‌మండ్‌సెన్ కేంద్రంలోనే మార్చి మంద, మే మంద రెండూ పెట్టారు. మేలో ఈనిస్తే కొన్న ఎండుగడ్డి ఖర్చు బాగా తగ్గుతుంది, చలి బాధ లేదు. కానీ కట్టాల్సిన ఆగస్టు వచ్చేసరికి గడ్డి ముదిరి సత్తువ పోతుంది, కుర్ర ఆవులు కట్టవు. అందుకే ఇక్కడ ఈ తగువు తెగదు. మా యజమాని మార్చి, పక్క రాంచ్ వాళ్లు మే. ఇద్దరూ కలిసి కాఫీ తాగుతారు, ఒకరినొకరు మూర్ఖులంటారు.

మందను రోజుల్లో బిగించడం వల్ల మాకు ఇంకో పని సులువైంది. ఇంకా ఈనని ఆవుల్ని వారానికోసారి కొత్త బీడుకి తోలేస్తాం, ఈనినవి దూడలతో పాతచోటే ఉంటాయి. అప్పుడే పుట్టిన దూడ పెద్ద దూడల పేడలో పడదు, పారుడు రోగం తగ్గుతుంది. ఊళ్లో చదువుకునేటప్పుడు దూడ పారుడు అంటే మందు పేరే గుర్తొచ్చేది. ఇక్కడ బీడు మార్చడమే మందు.

రాత్రి ఈతల సంగతి కూడా చెప్పాలి. ఫిబ్రవరిలో నేను రెండింటికి, నాలుగింటికి టార్చితో తిరిగి తిరిగి చచ్చాను. తర్వాత మేతను పొద్దుగూకేటప్పుడు మాత్రమే వేయడం మొదలుపెట్టాం. కెనడాలో మానిటోబా రైతు గస్ కొనెఫాల్ 1970ల్లో పట్టిన కిటుకిది. రాత్రి మేస్తే పగలు ఈనుతాయి. అన్నీ కాదు గానీ, చాలావరకు నిజంగానే వెలుతురులో ఈనాయి. 417 మాత్రం ఆ మాట కూడా వినలేదు.

గుడివాడ_గేదెలు · అక్టోబరు 14, ఉదయం 6:05

అందరికీ దణ్ణం. ఇప్పుడు మా గోడు. నాకు 6 ముర్రా గేదెలు. ఎక్కువ వర్షాకాలంలోనే ఈనుతాయి. దసరాకి ఇంట్లో పాలు ఏరులై పారతాయి. ఊరంతా అదే కాబట్టి రేటు పడుకుంటుంది. ఏప్రిల్, మే వస్తే పాలకు గిరాకీ, అప్పుడు నా క్యాను అడుగు కూడా తడవదు. బీఫ్ ఆవులు ఒకేసారి ఈనితే లాభం అంటున్నారు, నాకు ఒకేసారి ఈనడమే నష్టం. నేనేం చెయ్యాలండీ?

పాతకాపు_డాక్టరు · అక్టోబరు 14, రాత్రి 9:00

గుడివాడ గారూ, మీ అమ్మకం రోజుకి రెండు పూటలు, ఆయన అమ్మకం ఏడాదికి ఒక పూట. కాబట్టి ఆయన మందను కుదించుకుంటాడు, మీరు విడదీసుకోవాలి. అయితే గేదె మన ఇష్టం వినదు. పగటి పొద్దు తగ్గే కాలంలో దానికి ఎదలు బాగా వస్తాయి. సెప్టెంబరు నుంచి జనవరి వరకు కడుతుంది, 310 రోజులు మోసి జులై నుంచి నవంబరు మధ్య ఈనుతుంది. ఎండల్లో ఎద వచ్చినా మూగ ఎద. అరవదు, ఎగబడదు, మీరు చూడరు.

ఇప్పుడు నాని ఆవు 417 మీ కొట్టంలో ఎలా ఉందో చూడండి. 365లోంచి 310 పోతే 55. ఈనిన 55 రోజులకే గేదె కట్టడం కష్టం. బాగా చూసుకుంటే 90 రోజులకు కడుతుంది. అంటే ఒక ఈత నుంచి ఇంకో ఈతకి 400 రోజులు, ఏటా 35 రోజులు జారుడు. ఆగస్టు 10న ఈనిన గేదె మరుసటేడు సెప్టెంబరు 14న, ఆ తర్వాత అక్టోబరు 19న, నవంబరు 23న, డిసెంబరు 28న. మళ్లీ 90 రోజులు వేయండి, మార్చి 28. అప్పటికి ఎండ ముదిరింది. మార్చిలో తప్పితే ఏప్రిల్లో మూగ ఎద, మేలో అదీ లేదు. మళ్లీ సెప్టెంబరు దాకా కూర్చుంటుంది, ఈనేది ఆపై జులైలో. ఈతకీ ఈతకీ మధ్య 19 నెలలు. దానికి రోగం లేదు, దాని తేదీ పోయి ఎండాకాలం గోడకి గుద్దుకుంది. మీరు గొడ్డుమోతని అమ్మేస్తారు, కొన్నవాడి దొడ్లో అక్టోబరులో కడుతుంది. ఇలా ఎన్ని చూశానో.

వేసవి పాలు కావాలంటే రెండు మూడు గేదెల్ని ఆ డిసెంబరు, జనవరి ఈతల్లో ఆపుకోవాలి. అంటే ఫిబ్రవరి, మార్చిలో వాటికి ఎద కనిపెట్టడం మీద ప్రాణం పెట్టాలి. నీడ, మధ్యాహ్నం రెండు మూడుసార్లు నీళ్లు పోయడం, వీలుంటే చెరువు, పచ్చిమేత రాత్రిపూట ఎక్కువ. ఇక మీ ఆరింటి తేదీలు రాసి పెట్టండి. నోటితో కాదు, కాగితం చూసి.

గుడివాడ_గేదెలు · అక్టోబరు 15, రాత్రి 8:45

కాగితం లేదండీ, గోడ మీద బొగ్గుతో ఉన్నాయి. చూసి రాస్తున్నా.
1వది ఆగస్టు 3న ఈనింది. 2వది ఆగస్టు 19. 3వది జులై 11న, ఇంతవరకు ఎదకు రాలేదు. 4వది సెప్టెంబరు 9. 5వది ఫిబ్రవరిలో ఈని, మేలో సూది వేయిస్తే కట్టక తిరగబొర్లింది, సెప్టెంబరు 20న మళ్లీ వేయించాం. 6వది వట్టిపోయింది, నవంబరు చివర ఈనాలి. పాలు లేవుగా, దాణా ఆపేశాం.

పాతకాపు_డాక్టరు · అక్టోబరు 15, రాత్రి 9:20

6వ దానికి రేపు పొద్దుటి నుంచి దాణా మొదలుపెట్టండి! పాలివ్వట్లేదని ఆపేది అందరూ చేసే తప్పు, అదే రేపు ఎద తప్పడానికి మూలం. ఈనేనాటికి పక్కటెముకలు తేలిన పశువు ఎంత పెట్టినా నెలల తరబడి ఎదకు రాదు. ఈనాక పోసే దాణా పాలల్లోకి పోతుంది, ఒంటికి పట్టాల్సింది ఈనక ముందే. నానీ, మీ వాళ్లూ ఈతకు ముందే ఒళ్లు చూసి మార్కులు వేస్తారు కదా?

5వది సెప్టెంబరు 20 సూదికి కట్టిందో లేదో నవంబరు చివర చెయ్యి పెట్టించి చూడండి.

3వది నాకు అనుమానం. 96 రోజులంటే ఎద వచ్చి ఉంటుంది, మీరు చూసి ఉండరు. తెల్లవారుజామున 4, 5 మధ్య లేచి వెనకనుంచి టార్చి వేసి చూడండి. పడుకున్న చోట తీగ (ఎద జిగురు) పడిందా, తోక ఎత్తి పడుతోందా, పాలు ఒక పూట తగ్గాయా.

నెబ్రాస్కా_నాని · అక్టోబరు 16, ఉదయం 7:00

అవును డాక్టర్ గారూ, 1 నుంచి 9 దాకా మార్కులు. ముదురు ఆవు 5, తొలిచూలుది 6 ఉండాలి ఈనేనాటికి. ఇప్పుడే పాత చిట్టా తీసి చూశాను. 417కు ఏప్రిల్లో 4 అని రాసి ఉంది. రాసింది నేనే.

కరీంనగర్_బర్రెలు · అక్టోబరు 16, ఉదయం 9:40

ఏం కాదు తమ్మి. వచ్చే ఏడు 4 కనవడంగనె చెప్పు మీ సేటుకు.

గుడివాడ_గేదెలు · అక్టోబరు 19, ఉదయం 4:52

డాక్టర్ గారూ, నాలుగు రోజుల నుంచి లేస్తున్నా, మా ఆవిడ నాకు పిచ్చి పట్టిందంటోంది. ఇప్పుడే చూశా, 3వది తీగ వేసింది! గాజులా తెల్లగా, నేల మీద మూరెడు. అరుపూ లేదు గిరుపూ లేదు, గమ్మున నెమరేస్తోంది. సూది వేసే కుర్రాడికి నాలుగుసార్లు ఫోన్ చేశా, ఎత్తట్లేదు. ఏం చెయ్యమంటారు?

పాతకాపు_డాక్టరు · అక్టోబరు 19, ఉదయం 5:10

ఆ అబ్బాయిని పడుకోనివ్వండి. పొద్దున ఎద కనపడితే సూది సాయంత్రానికి. ఐదింటికి రమ్మనండి, వీర్యం ఏ ఆంబోతుదో అడిగి రాసుకోండి. బొగ్గుతో కాదు.